పేగులు బయటే ఉండి పుట్టిన పాపాయిలు: మీ ఉత్తరాలు, నా జవాబులు

రెండు నెలల కిందట ఇదే శీర్షికలో చంటిపిల్లల గజ్జల్లో వచ్చే హెర్నియా గురించి రాస్తూ, చివర్లో ఒక్క వాక్యం వేశాను. కొంతమంది పిల్లలు పొట్ట గోడ పూర్తిగా మూసుకోకుండానే పుడతారని. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు మొత్తం వ్యాసానికి రాలేదు. అన్నీ చదివాక నాకు అనిపించింది ఒకటే. ఈ బిడ్డల విషయంలో అందరూ చూపుతో నిర్ణయం తీసేసుకుంటున్నారు, పేరు అడగడం లేదు. బయట ఉన్న పేగుల మీద పొర ఉందా లేదా, రంధ్రం బొడ్డులోనా బొడ్డు పక్కనా, ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే సగం దారి తెలిసినట్టే. అందుకే ఈ నెల పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆవిడకి 20 ఏళ్ళు, మొదటి కాన్పు. ఐదో నెలలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలు చూసే స్కాన్) తీస్తే బిడ్డ పేగులు పొట్ట బయట ఉన్నాయన్నారు. రిపోర్టులో గాస్ట్రోస్కైసిస్ అని రాశారు. మా పెద్దవాళ్ళు తీయించేయమంటున్నారు, తను అన్నం కూడా ముట్టడం లేదు. ఇంకో రెండు వారాలు దాటితే ఏమీ చేయడానికి కుదరదని ఎవరో చెప్పారు. ఏం చెయ్యాలో తోచడం లేదు. (ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా)

జవాబు: తమ్ముడూ, ముందు ఆ అమ్మాయికి అన్నం తినిపించండి, ఆ తర్వాత ఇది ఇద్దరూ కలిసి చదవండి.

బిడ్డ కడుపులో తయారయ్యేటప్పుడు, రెండో నెలలో పేగులు గబగబా పెరుగుతాయి, లోపల చోటు చాలదు, దాంతో బొడ్డుతాడు మొదట్లోకి జారి అక్కడ కొన్నాళ్ళు ఉంటాయి. ఇది మీకూ నాకూ కూడా జరిగింది. మూడో నెల నిండేసరికి అవి మెలిక తిరుగుతూ లోపలికి వెళ్ళి వాటి చోట్లో సర్దుకుంటాయి. అందుకే పన్నెండు వారాల లోపు స్కాన్‌లో బొడ్డు దగ్గర పేగులు కనిపించినా దాన్ని జబ్బు అనరు. మీ బిడ్డ విషయంలో అయింది వేరు. బొడ్డుతాడు దాని చోట అది మామూలుగానే ఉంటుంది, దానికి పక్కన, చాలావరకు కుడివైపున, పొట్ట గోడలో రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల రంధ్రం ఉండిపోతుంది, అందులోంచి పేగులు ఏ పొరా లేకుండా నేరుగా ఉమ్మనీటిలోకి వచ్చేస్తాయి. నెలల తరబడి ఆ నీటిలో నానడం వల్ల అవి మందంగా, ఒకదానికొకటి అతుక్కున్నట్టు అవుతాయి. చూడటానికి భయంగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ బిడ్డల్లో ఎక్కువమందికి గుండె, మెదడు, క్రోమోజోములు మామూలుగానే ఉంటాయి. లోపం ఆ రంధ్రం దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఫీటల్ మెడిసిన్ డాక్టర్ (కడుపులోని బిడ్డని చూసే నిపుణులు) దగ్గర ఇంకోసారి స్కాన్ చేయించి కొన్ని ప్రశ్నలు సూటిగా అడగడం. పేగుల మీద పొర ఉందా? బొడ్డుతాడు విడిగా కనిపిస్తోందా? బయట ఉన్నది పేగులేనా, కాలేయం కూడా ఉందా? పేగు ఎక్కడైనా ఉబ్బి ఉందా? గుండె ఎలా ఉంది? పొర లేకుండా, తాడు పక్కన, పేగులు మాత్రమే, మిగతా అవయవాలు బాగానే ఉన్నాయంటే అది గాస్ట్రోస్కైసిస్సే, బిడ్డకి మంచి అవకాశం ఉందనే అర్థం. పదిమందిలో సుమారు ఒకరికి పేగు మధ్యలో ఎక్కడో మూసుకుపోయి ఉంటుంది. దాన్ని అట్రీసియా అంటారు. అలాంటి బిడ్డకి రెండో ఆపరేషన్ పడుతుంది, ఆసుపత్రిలో ఉండే రోజులూ పెరుగుతాయి. ఇది దాచకుండా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఆ రెండు వారాల మాట కూడా సరిచేస్తాను. గర్భస్రావం చట్టం 2021లో మారింది. ఇలాంటి లోపాలున్నప్పుడు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో, ఆ తర్వాత తీవ్రమైన లోపమైతే మెడికల్ బోర్డు అనుమతితో వీలుంది. అనుమతి ఇవ్వాలా వద్దా అనేది బోర్డు చూసుకుంటుంది. నేను చెప్పేదల్లా, రెండు వారాల గడువు పెట్టుకుని ఆ టెన్షన్‌లో నిర్ణయం తీసుకోవద్దని. నిర్ణయం మీ ఇద్దరిదే, ముఖ్యంగా ఆ అమ్మాయిది. దానికి ముందు ఒక్కసారైనా పిల్లల సర్జన్‌ని కలవండి. పెద్దవాళ్ళు చూసింది స్కాన్ బొమ్మ, ఈ ఆపరేషన్ అయ్యాక బడికి వెళ్ళే పిల్లల్ని వాళ్ళు చూసి ఉండరు.

కొనసాగిస్తామనుకుంటే, రెండు మూడు వారాలకోసారి స్కాన్ తప్పదు, ఈ పిల్లలు బరువు తక్కువగా పెరుగుతారు, ఉమ్మనీరూ పేగులూ గమనిస్తూ ఉండాలి. కాన్పు మామూలుగా 37 వారాల దగ్గర పెట్టుకుంటారు. ఈ లోపం ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు, నార్మల్ డెలివరీ అయినా బిడ్డకి నష్టం లేదు. కాన్పు ఎక్కడ అన్నది మాత్రం అన్నిటికంటే ముఖ్యం. పిల్లల సర్జన్, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆసుపత్రిలోనో, దాన్ని ఆనుకుని ఉన్న ప్రసూతి ఆసుపత్రిలోనో కాన్పు జరగాలి. హైదరాబాద్ నీలోఫర్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగాలు ఉన్నాయి. ప్రైవేటుకి వెళ్తే చేరకముందే ఆరోగ్యమిత్రని కలిసి, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద చేస్తారా అని కనుక్కోండి.

చోటు మీద ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే ఒక లెక్క ఉంది. 74 దేశాల్లో 264 ఆసుపత్రుల నుంచి వివరాలు తీసి 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. గాస్ట్రోస్కైసిస్‌తో పుట్టి ఆసుపత్రికి చేరిన పిల్లల్లో, ధనిక దేశాల్లో నూటికి ఒకరిద్దరు చనిపోతే, మనలాంటి మధ్యస్థ ఆదాయ దేశాల్లో దాదాపు 32 మంది చనిపోయారు. పేద దేశాల్లో పదిమందిలో తొమ్మిది మంది. బిడ్డ అదే, రంధ్రమూ అదే. ఆలస్యం, చలి, ఇన్ఫెక్షన్, నరం ద్వారా ఆహారం ఇచ్చే వసతి, నర్సులు, వీటి దగ్గరే తేడా అంతా. మీకు ఐదో నెలలోనే తెలిసింది కాబట్టి ఇందులో చాలా వాటిని ముందే సర్దుకోగలరు.

ప్రశ్న: నా బిడ్డ పొట్ట లోపంతో పుట్టి తొమ్మిదో రోజు పోయింది. నేను గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకున్నానని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. నిజంగా నా వల్లేనా? (పేరు వద్దన్న సోదరి, ప్రకాశం జిల్లా)

జవాబు: కాదమ్మా. మీ వల్ల కాదు.

పొట్ట గోడ తయారయ్యేది మొదటి రెండు మూడు నెలల్లో. నెల తప్పిందని మీకు తెలిసేసరికే ఆ పని చాలావరకు మొదలైపోయి ఉంటుంది. ఆకాశంలో నీడ పడటానికీ దీనికీ, కత్తిపీటకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. గ్రహణం లేని నెలల్లోనూ ఇలాంటి పిల్లలు పుడుతున్నారు, గ్రహణం రోజు కూరగాయలు తరిగిన లక్షలమందికి మామూలు బిడ్డలు పుడుతున్నారు. వైద్యశాస్త్రానికి దీని అసలు కారణం ఇంకా పూర్తిగా చిక్కలేదు గానీ, గాస్ట్రోస్కైసిస్ ఇరవై ఏళ్ళ లోపు తల్లుల్లో ఎక్కువ కనిపిస్తుందన్నది అన్ని దేశాల్లోనూ గమనించిన విషయం. దాన్నిబట్టి ఎవరినైనా అడగాల్సి వస్తే, అమ్మాయికి అంత చిన్న వయసులో పెళ్ళి చేసిన పెద్దల్ని అడగాలి, ఆ అమ్మాయిని కాదు.

మళ్ళీ గర్భం వస్తే అదే లోపం తిరిగి వచ్చే అవకాశం తక్కువ. గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోండి, టిఫా స్కాన్ మానకండి. ఈ పేజీ మీ అత్తగారికి మీరే చదివి వినిపించడం కష్టమైతే మీ ఆయన చేత చదివించండి. అది ఆయన చేయాల్సిన పనే.

ప్రశ్న: నేను సీహెచ్‌సీలో (సామాజిక ఆరోగ్య కేంద్రం) స్టాఫ్ నర్సుని. గత నెల రాత్రి రెండింటికి ఒక కాన్పులో బిడ్డ పేగులు బయట ఉండి పుట్టింది. ముందు స్కాన్‌లు ఏమీ లేవు. తడి గుడ్డ చుట్టి, అంబులెన్స్‌లో జిల్లా ఆసుపత్రికి పంపాం. చేరేసరికి బిడ్డ చల్లబడిపోయిందని తిట్టారు. మేం ఇంకేం చేసి ఉండాల్సింది? (తూర్పు గోదావరి జిల్లా)

జవాబు: సిస్టర్, ఈ ఉత్తరం రాసినందుకు మీకు చేతులెత్తి నమస్కారం. తిట్లు తిన్నవాళ్ళు సాధారణంగా నోరు మూసుకుంటారు, మీరు నేర్చుకోవాలనుకున్నారు. ఇది మీలాంటి వాళ్ళందరికీ వివరంగా రాస్తాను.

తడి గుడ్డ పాత పుస్తకాల్లో ఉండేది. పది నిమిషాల్లో అది చల్లబడుతుంది, బిడ్డ ఒంట్లో వేడంతా లాగేస్తుంది, ఆరితే పేగుకి అంటుకుని తీసేటప్పుడు పైపొర చీలుతుంది. దానికి బదులు శుభ్రమైన ప్లాస్టిక్ కవరు వాడాలి. స్టెరైల్ బ్యాగ్ ఉంటే మంచిది, లేకపోతే వంటింట్లో వాడే పల్చటి క్లింగ్ ఫిల్మ్ చుట్ట అయినా సరే. బిడ్డ కాళ్ళు, పొట్ట, పేగులు అన్నీ కవరు లోపల ఉండేలా చంకల దాకా తొడిగి వదులుగా బిగించండి. నీరు ఆవిరి కాదు, వేడి పోదు, అన్నిటికంటే ముఖ్యంగా దారి పొడుగునా పేగు రంగు కనిపిస్తూ ఉంటుంది.

తర్వాత బిడ్డని కుడి పక్కకి తిప్పి పడుకోబెట్టి, పేగుల కింద చిన్న గుడ్డ మడత పెట్టి ఆసరా ఇవ్వండి. వెల్లకిలా పడుకోబెడితే పేగుల బరువంతా ఒక పక్కకి వాలి, రంధ్రం అంచు మీద రక్తనాళాలు మడత పడతాయి. పేగు నీలంగానో నల్లగానో మారుతోందంటే వెంటనే పక్క మార్చి, మెలిక పడిందేమో చూడాలి. ఎంత ఆత్రంగా ఉన్నా వేలితో లోపలికి తోయకండి.

నోట్లోంచి పొట్టలోకి గొట్టం వేసి సిరంజితో గాలీ పసరూ లాగుతూ ఉండండి, చివర తెరిచే ఉంచండి. పేగులు గాలితో ఉబ్బితే సర్జన్‌కి లోపల పెట్టడం నరకం అవుతుంది. పాలు, తేనె, చక్కెర నీళ్ళు ఏవీ వద్దు. చేతికి సెలైన్ పెట్టగలిగితే పెట్టండి, బయట ఉన్న పేగుల నుంచి నీరు పోతూనే ఉంటుంది కాబట్టి ఈ బిడ్డలకి మామూలు కంటే ఎక్కువ ద్రవం కావాలి, ఎంతన్నది అవతలి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడుకోండి. గ్లూకోజ్ చూడండి. విటమిన్ కె, యాంటిబయాటిక్ మొదటి మోతాదు వేసి, టైము చీటీ మీద రాయండి. బొడ్డుతాడుని పొట్టిగా కత్తిరించకండి, నాలుగు వేళ్ళ పొడవు వదలండి. ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను. బండి ఎక్కించే ముందు పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి, ఫోన్ ఎత్తిన వాళ్ళ పేరు కూడా రాసుకోండి.

నాకు ఒకే నెలలో వచ్చిన ఇద్దరు బిడ్డలు గుర్తుకొస్తున్నారు. ఒకరు ఊళ్ళోనే, అరగంట దూరంలో పుట్టిన బాబు, దూది, గాజుగుడ్డ దట్టంగా చుట్టి తెచ్చారు. విప్పి చూస్తే పేగంతా బొగ్గులా ఉంది. ఆ చుట్ట కిందే మెలిక పడింది, ఎవరికీ కనిపించలేదు. రెండో పాప నూట యాభై కిలోమీటర్ల దూరం నుంచి తెల్లవారుజామున వచ్చింది. లోపల పలచగా ఆవిరి పట్టిన ప్లాస్టిక్ కవరు, దాని వెనక గులాబీ రంగు పేగులు, పాదాలు తాకితే వెచ్చగా ఉన్నాయి. కవరు మీద ప్లాస్టరు ముక్క అంటించి, బాల్‌పెన్నుతో కాన్పు టైము, సెలైన్ ఎన్ని మిల్లీలీటర్లు వెళ్ళిందో రాసి పంపింది అక్కడి ఏఎన్ఎం. ఆ పాప బతకడంలో నా ఆపరేషన్ కంటే ఆ ప్లాస్టరు ముక్క రాసిన చెయ్యి పెద్దది.

ఇంకో చిన్న విషయం, ఇది ప్రతి కాన్పులోనూ పనికొస్తుంది. కొన్నిసార్లు బొడ్డుతాడు మొదలు మామూలు కంటే లావుగా, ఉబ్బినట్టు ఉంటుంది. అందులో ఒక పేగు మడత దాక్కుని ఉండొచ్చు. చూసుకోకుండా పొట్టకి ఆనించి క్లాంప్ బిగిస్తే పేగు తెగుతుంది. లావుగా అనిపిస్తే క్లాంప్‌ని దూరంగా వేసి, పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: మా బాబు పుట్టి మూడు రోజులు. గాస్ట్రోస్కైసిస్. పేగుల్ని లోపల పెట్టి కుట్టేస్తారనుకుంటే, ఒక పారదర్శకమైన సంచి తొడిగి పైకి వేలాడదీశారు. రోజూ వచ్చి కొంచెం నొక్కి వెళ్తున్నారు. అడిగితే సైలో అంటున్నారు. ఆపరేషన్ ఎందుకు వాయిదా వేస్తున్నారు? డబ్బు కోసమా? (ఒక తండ్రి, కర్నూలు)

జవాబు: వాయిదా కాదండీ, వైద్యం మొదలైపోయింది. ఆ సంచే వైద్యం.

పేగులు ఇన్ని నెలలూ బయటే ఉన్నాయి కాబట్టి మీ బాబు పొట్ట వాటికి సరిపడా పెరగలేదు. చిన్న పెట్టెలో పెద్ద పరుపు కుక్కి మూత వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. బలవంతంగా కుట్టేస్తే లోపల ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తులు పైకి నొక్కుకుంటాయి, కిడ్నీలకి రక్తం తగ్గి మూత్రం ఆగుతుంది, కాళ్ళు నీలంగా మారతాయి, చివరికి పేగే చచ్చుబడుతుంది. ఒకప్పుడు ఆపరేషన్ టేబుల్ మీద అంతా బాగానే కుట్టి, ఆ రాత్రే బిడ్డల్ని పోగొట్టుకునేవాళ్ళు. 1967లో షుస్టర్ అనే అమెరికన్ సర్జన్, పొట్ట గోడ అంచులకి ప్లాస్టిక్ తొడుగు కుట్టి కొద్దికొద్దిగా లోపలికి పంపే పద్ధతి రాశాడు. ఇప్పటి సైలో దానికి వారసురాలే. అడుగున స్ప్రింగ్ లాంటి రింగ్ ఉంటుంది, దాన్ని మడిచి రంధ్రంలోంచి లోపలికి వదిలితే విచ్చుకుని నిలబడుతుంది, చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. సంచిని వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే మంచం) పైన కడితే పేగుల బరువుకి అవే కిందికి జారుతుంటాయి, పొట్ట గోడ మెల్లగా సాగుతుంది. రోజూ వచ్చి నొక్కేది ఆ జారినంత మేర సంచి పైభాగాన్ని ముడి వేయడానికి. మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. రెడీమేడ్ సైలో ఖరీదు ఎక్కువ, అన్ని చోట్లా దొరకదు. అది దొరకని చోట స్టెరైల్ చేసిన బ్లడ్ బ్యాగ్‌నో యూరిన్ బ్యాగ్‌నో కత్తిరించి కుట్టి అదే పని చేయించిన సర్జన్లు మన దేశంలో చాలామంది ఉన్నారు. మీ బాబుకి అలాంటిదే వేసి ఉంటే తక్కువ రకం వైద్యం అనుకోకండి.

అంతా లోపలికి వెళ్ళాక కుట్లు వేస్తారు, లేదా కుట్లే లేకుండా మూస్తారు. 2004లో వచ్చిన పద్ధతి ఇది. బిడ్డ సొంత బొడ్డుతాడునే మూతలా రంధ్రం మీద పరిచి పైన అంటించేస్తారు, కొన్ని వారాల్లో చర్మం చుట్టూ నుంచి వచ్చి మూసుకుంటుంది, బొడ్డు కూడా చాలావరకు సహజంగా వస్తుంది. సిస్టర్ గారికి తాడు పొడుగ్గా వదలమన్నది అందుకే.

ఇక అసలు ఓపిక కావాల్సింది ఆపరేషన్ అయ్యాక. పేగు లోపలికి వెళ్ళినంత మాత్రాన పని మొదలుపెట్టదు. గొట్టంలో పసరు ఆకుపచ్చగా వస్తున్నంతకాలం పాలు ఇవ్వరు, పెద్ద నరంలోకి టీపీఎన్ అనే ఆహార ద్రవం ఎక్కిస్తారు. ఆ లైను ద్వారానే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం, ఎక్కువ వారాలు నడిస్తే కాలేయం మీద భారం, రెండూ ఉన్నాయి. అందుకే చేతులు కడుక్కోమని నర్సులు గద్దిస్తే కోపం తెచ్చుకోకండి. ఒకరోజు పసరు తగ్గి తెల్లగా అవుతుంది, బాబు ఆకుపచ్చగా మలం పోస్తాడు, అప్పుడు ఒక మిల్లీలీటరు పాలతో మొదలుపెడతారు. ఒక్క మిల్లీలీటరు, చెంచాలో పావు వంతు కూడా ఉండదు. అక్కడి నుంచి పూర్తి పాలకి రావడానికి చాలామందికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ పాలు తల్లి పాలైతే పేగు త్వరగా కోలుకుంటుంది. బాబు తాగడం లేదు కదా అని మీ ఆవిడ పాలు ఆరిపోనివ్వకండి. మూడు గంటలకోసారి పిండి, ఆసుపత్రి ఫ్రిజ్‌లో దాచమని అడగండి.

ఖర్చు గురించి మీ అనుమానం అర్థం చేసుకోగలను. ఈ రోజు ఏం చేశారు, పసరు ఎంత వచ్చింది, మూత్రం ఎంత వచ్చింది, ఈ మూడూ రోజూ డాక్టర్‌ని అడగండి. ఓపిగ్గా చెబుతున్నారంటే సరైన చోటే ఉన్నారు.

ప్రశ్న: అక్కా, మేం డాలస్‌లో ఉంటాం. మా పాపకి జైంట్ ఆంఫలోసీల్. కాలేయం కూడా బయట సంచిలో ఉంది. ఇక్కడి డాక్టర్లు ఆపరేషన్ చేయకుండా ఆ సంచి మీద మందు పూస్తూ ఇంటికి పంపుతామంటున్నారు. ఇండియా వచ్చేస్తే తొందరగా చేస్తారా అని మా వాళ్ళు అడుగుతున్నారు.

జవాబు: రావద్దు చెల్లీ, పాపని విమానం ఎక్కించే పని అసలు పెట్టుకోకు. మీ డాక్టర్లు చేస్తున్నది సరైనదే, ఇక్కడున్నా నేనూ అదే చేస్తాను.

పైన చెప్పిన గాస్ట్రోస్కైసిస్‌కీ దీనికీ పోలిక చూపులోనే. ఇందులో రంధ్రం బొడ్డులోనే ఉంటుంది, తాడు సంచి కొస నుంచి మొదలవుతుంది, అవయవాల మీద పలచటి పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతసేపు తొందర లేదు. ఐదు సెంటీమీటర్లు దాటి, కాలేయం బయట ఉంటే, ఒకేసారి లోపలికి తోయడం ప్రాణం మీదికి తెస్తుంది, కాలేయం రక్తనాళాలు మడత పడతాయి. కాబట్టి పొరనే కట్టులా వాడుకుంటారు. సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీమో, పావిడోన్ అయోడినో పూస్తుంటే అది తోలులా గట్టిపడి, కింద నుంచి కొత్త చర్మం మెల్లగా కమ్ముతుంది. నెలలు పడుతుంది. తర్వాత పైన చర్మం, కింద హెర్నియాలాగా మిగిలిన దాన్ని ఒకటి రెండేళ్ళు వచ్చాక, పొట్టలో చోటు పెరిగాక సరిచేస్తారు. మన చిన్నప్పుడు మోకాలు గీసుకుంటే రాసే ఎర్రమందు గుర్తుందా, మెర్క్యురోక్రోమ్, ఒకప్పుడు ఈ సంచుల మీద అదే పూసేవాళ్ళు. అందులోని పాదరసం పలచటి పొరగుండా ఒంట్లోకి వెళ్ళి పిల్లలకి విషమైందని తెలిశాక మానేశారు. అయోడిన్ వాడుతుంటే థైరాయిడ్ పరీక్ష అప్పుడప్పుడు చేస్తున్నారో లేదో అడుగు.

ఆంఫలోసీల్‌లో సంచి కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఈ పిల్లల్లో మూడో వంతు నుంచి సగం మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, కొందరికి ట్రైసమీ 13, 18 లాంటి క్రోమోజోమ్ సమస్యలుంటాయి. గుండె ఎకో, క్రోమోజోమ్ పరీక్ష అయ్యాయా? పాప నాలుక పెద్దగా ఉందా, పుట్టగానే షుగర్ పడిపోయిందా? అలా అయితే బెక్‌విత్ వీడెమన్ అనే పరిస్థితి కోసం చూస్తారు. అదైతే చిన్న వయసులో కిడ్నీ, కాలేయం గడ్డలు వచ్చే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి, కొన్నేళ్ళపాటు మూడు నెలలకోసారి పొట్ట స్కాన్ చేస్తారు. ఊపిరితిత్తులు చిన్నగా ఉండే పిల్లలూ ఉంటారు, వాళ్ళకి ఆక్సిజన్ ఎక్కువ నెలలు కావాలి. పాప భవిష్యత్తు సంచి సైజు మీద కంటే వీటి మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

పాపని ఎత్తుకోవడానికి భయపడకు. పొర చిరగకుండా కట్టు ఎలా కట్టాలో నర్సు పక్కన నిలబడి రెండు మూడుసార్లు నీ చేత్తో చేయి, తర్వాతే ఇంటికి తీసుకెళ్ళు.

ప్రశ్న: మా మనవడికి నాలుగు నెలలు. ఏడిస్తే బొడ్డు నిమ్మకాయంత పొడుచుకొస్తుంది. రూపాయి బిళ్ళ పెట్టి గట్టిగా కట్టమని ఇరుగుపొరుగు అంటున్నారు. కోడలు వద్దంటోంది. (ఒక నాయనమ్మ, తెనాలి)

జవాబు: పెద్దమ్మగారూ, ఈసారికి కోడలి మాటే వినండి. ఇది పైన రాసిన జబ్బులేవీ కాదు, బొడ్డు హెర్నియా. పైన చర్మం పూర్తిగా ఉంటుంది. చాలామందికి నాలుగైదేళ్ళలోపు దానంతట అదే మూసుకుంటుంది. బిళ్ళ కట్టినందువల్ల త్వరగా మూసుకోదు, కింద చెమట పట్టి చర్మం పుండు పడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. ఐదేళ్ళు వచ్చినా తగ్గకపోతే చిన్న ఆపరేషన్ సరిపోతుంది. బొడ్డు రాయిలా గట్టిపడి, ఎర్రబడి, బిడ్డ ఆగకుండా ఏడుస్తూ వాంతులు చేసుకుంటే మాత్రం ఆ రాత్రే తీసుకెళ్ళండి. అది చాలా అరుదు.

ప్రశ్న: మా చెల్లెలి బిడ్డకి బొడ్డు కింద చర్మం లేకుండా ఎర్రటి మాంసం కనిపిస్తోంది, అందులోంచి మూత్రం కారుతోంది. మగో ఆడో కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నారు. (ఆదిలాబాద్)

జవాబు: మీరు రాసినదాన్నిబట్టి అది బ్లాడర్ ఎక్స్‌ట్రోఫీలా ఉంది. పొట్ట కింది గోడ, మూత్రాశయం ముందు గోడ రెండూ మూసుకోలేదు, మీకు కనిపించే ఎర్రటిది మూత్రాశయం లోపలి పొర. దాని మీద గుడ్డ, దూది వేయకండి, డైపర్ రుద్దుకోనివ్వకండి. పలచటి క్లింగ్ ఫిల్మ్ పరిచి, డైపర్ మార్చిన ప్రతిసారీ శుభ్రమైన సెలైన్‌తో కడిగి కొత్తది వేయండి. బొడ్డుకి ప్లాస్టిక్ క్లాంప్ ఉంటే అది గీరుకుంటుంది, తీయించి దారం కట్టించండి.

కొన్ని చోట్ల పుట్టిన మూడు రోజుల్లోపు, ఇంకొన్ని చోట్ల రెండు మూడు నెలలు ఆగి ఆపరేషన్ చేస్తారు, తుంటి ఎముకల్ని కోసి దగ్గరికి తేవాల్సి రావచ్చు. ఒక్క ఆపరేషన్‌తో అయ్యేది కాదు, మూత్రం ఆపుకునే శక్తి కోసం కొన్నేళ్ళ దారి ఉంది. అందుకే ఇలాంటివి ఎక్కువగా చేసే పిల్లల యూరాలజీ విభాగానికే మొదట వెళ్ళండి, వేరే చోట సగం చేయించుకుని రావద్దు. మగా ఆడా అన్నది డాక్టర్లు పరీక్షించి చెబుతారు. ఈలోపు చుట్టాలకి చెప్పాల్సిన పని లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్ళు. పుట్టగానే పేగుల ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ బొడ్డు లేదని బళ్ళో ఏడిపిస్తున్నారట, ఈతకి వెళ్ళనంటున్నాడు. అప్పుడప్పుడు కడుపునొప్పి అంటాడు. ఆటలు ఆడనివ్వచ్చా? (ఒక అమ్మ, వరంగల్)

జవాబు: ఆడనివ్వండి, పరిగెత్తనివ్వండి, చెట్టు ఎక్కినా ఏమీ కాదు. సర్జన్ ఒకసారి చూసి పొట్ట గోడలో హెర్నియా లేదంటే ఏ ఆటకీ అడ్డు లేదు. బొడ్డు కావాలంటే చర్మం మడతతో చిన్న ఆపరేషన్‌లో చేయొచ్చు, కానీ అది వాడే అడిగినప్పుడు. ఇప్పుడైతే వాడి మచ్చ కథ వాడికి చెప్పండి, పుట్టినప్పుడు నీ పేగులు బయట ఉన్నాయి, సంచి తొడిగి వారం రోజులు పైకి కట్టారు అని. ఆరేళ్ళ పిల్లలకి ఇంతకంటే గొప్ప కథ ఉండదు, బళ్ళో చెప్పుకునేది వాడే అవుతాడు.

కడుపునొప్పి విషయంలో ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ పిల్లల పేగులు మిగతావాళ్ళలా మెలిక తిరిగి సర్దుకుని ఉండవు, పాత ఆపరేషన్ వల్ల లోపల అతుకులు కూడా ఉంటాయి. మామూలు నొప్పి వచ్చి పోతే ఫర్వాలేదు. కానీ నొప్పితో పాటు ఆకుపచ్చ పసరు వాంతి వచ్చినా, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోయినా, పేగు అడ్డుపడిందేమో చూడాలి, సోడా, వాము అంటూ ఇంట్లో రాత్రి గడపకండి. ఇంకొకటి, అపెండిక్స్ వీడికి కుడివైపు కింద ఉండకపోవచ్చు. నొప్పి ఎడమ పక్క వచ్చిందని అపెండిసైటిస్ కాదనుకునే ప్రమాదం ఉంది. మగపిల్లాడు కాబట్టి వృషణాలు రెండూ కిందికి దిగాయో లేదో కూడా ఒకసారి చూపించండి, ఈ లోపం ఉన్నవాళ్ళలో అవి దిగకపోవడం ఎక్కువ.

అప్పటి డిశ్చార్జ్ కాగితం మీ దగ్గర ఉందా? లేకపోతే ఆ ఆసుపత్రి రికార్డు సెక్షన్‌కి వెళ్ళి కాపీ తీసుకోండి, ఇన్నేళ్ళయిందని మొహమాటపడకండి. ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ, వాళ్ళ నాన్న ఫోన్‌లోనూ పెట్టుకోండి, స్కూల్ క్లాస్ టీచర్‌కి కూడా ఒక కాపీ ఇచ్చి, ఆకుపచ్చ వాంతి అయితే వెంటనే ఫోన్ చేయమని చెప్పండి.